అప్పాజీ నాలుక

నేను మొదటిసారి చూసినప్పుడు అప్పాజీ ఒక పంచాయతీ గుమాస్తాని చెంప మీద కొడుతున్నాడు. కోపంతో కాదు. గుమాస్తా తనే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, గెడ్డం కొంచెం పైకెత్తి, చెంప చూపించాడు. దెబ్బ పడింది. కాలవలో బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు. గుమాస్తా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగానే నవ్వుతూ, "సరేలేవయ్యా, ఇంకోటి పొయ్యి" అన్నాడు.

అది డెబ్బై తొమ్మిది వేసవి. ద్రాక్షారామంలో ఒక స్నేహితుడింట్లో మకాం పెట్టి, నాలుగు రోజులనుకున్నది నాలుగు నెలలు చేశాను. పగలు వాళ్ళ అరుగు మీద పుస్తకాలు, ఎండ వాలాక కాలవ గట్టున నడక. ఆ నడక ఒక కల్లుపాక దగ్గర ఆగిపోయేది. నాకు తెలిసి ఏ దేశంలో తాగుబోతులకీ అలాంటి ఆట లేదు.

ఆట ఇది. చుట్టుపక్కల ఊళ్ళలో కల్లు గీసేవాళ్ళు ఎవరికి వారు తమ కుండల్లో మంచిదొకటి పాకకి తెస్తారు. ఏ కుండ ఎవరిదో, ఏ ఊరిదో, ఏ చెట్టుదో చెప్పరు. వరసగా కూర్చున్నవాళ్ళకి తాటాకు దొన్నెల్లో పోస్తారు. ఒక్కొక్కడూ రుచి గురించి ఒక మాట చెప్పాలి. ముందువాడన్న మాట మళ్ళీ అనకూడదు. చివరివాడు ఊరు పేరు చెప్పాలి. కుదిరితే ఆ కుండ వరసకంతా ఉచితం. తప్పితే చెప్పినవాడు కుండ తెచ్చినవాడి చేత చెంపదెబ్బ తినాలి. అంతే. రాజుల కాలం కావ్యాల్లో పానగోష్ఠులు చాలా చదివాను. వెన్నెల ఉంటుంది, వీణ ఉంటుంది, పద్మాల్లాంటి కళ్ళుంటాయి. చెంపదెబ్బ ఏ కవీ రాయలేదు. అందుకే ఆ గోష్ఠుల్లో ఎవరూ నిజంగా తాగినట్టు నాకనిపించదు.

"ఏంటండి, మేకపిల్ల నాకినట్టుంది" అనేవాడొకడు. "కొత్త కోడలు మూతి విరిచినట్టుందండి" అనేవాడు పక్కవాడు. "చింతచిగురు నమిలి చల్లనీళ్ళు తాగినట్టు." "మా హెడ్మాస్టారు తిట్టినట్టు, ముందు తీపి, ఇంటికెళ్ళాక మంట." అలా తిరిగి తిరిగి వరస చివర అప్పాజీ దగ్గరికొచ్చేది. అతను దొన్నె ఎత్తి ఒక్క గుక్క నోట్లో పట్టి, కళ్ళు మూసుకునేవాడు. సముద్రపొడ్డు ఇసక నేలల్లో చెట్లు ఉప్పు దాచుకుంటాయనేవాడు. గోదారి లంక నేలది మెత్తగా దిగుతుందనేవాడు. మెట్టనుంచి వచ్చినదానికి ఎర్రమట్టి మీద తొలి వాన పడ్డ వాసన ఉంటుందనేవాడు. రంపచోడవరం వైపు నుంచి బస్సు కండక్టరొకడు డబ్బాలో జీలుగు కల్లు తెస్తే, "ఇది తాటిచెట్టుది కాదు, జీలుగుచెట్టుది. అడివిలో నీడన పెరిగింది. ఆడపిల్ల కోపంలాగా చప్పుడు చెయ్యకుండా ఎక్కుతాది" అన్నాడు. నాలుగింట మూడు సార్లు నెగ్గేవాడు. నాలుగోసారి చెంప చూపించడానికి ఎప్పుడూ వెనకాడలేదు.

నేనూ ఊరికే కూర్చోలేదు. మలబారు కొబ్బరికల్లు, బస్తరు జీలుగు, ఛోటానాగపూర్‌లో అన్నం పులియబెట్టి ఆకుదొప్పల్లో పోసే తెల్లటి గంజి, ఇవన్నీ ఎలా ఉంటాయో చెప్పేవాణ్ణి. ఒకరోజు బెంగళూరు నుంచి మోసుకొచ్చిన బీరుసీసా ఒకటి విప్పాను. అప్పాజీ పుక్కిలించి చాలాసేపు ఆలోచించాడు.

"దీన్ని ఉడకబెట్టారండి" అన్నాడు. "చేదు కోసం వేపాకేశారు. బాగానే ఉంది గానీ, బాబుగారూ, ఇది సచ్చిపోయి చాలాకాలవైందండి. కల్లయితే నోట్లో కూడా బతికుంటాది."

వేపాకు కాదు, వేరే దేశపు తీగపువ్వు అన్నాను. పాక గొల్లుమంది. అప్పాజీ చెంప చూపించాడు. నేను కొట్టాను. "ఈగ వాలిందండి" అన్నాడు.

ఇంత సరదా మనిషని ఎవరూ అతన్ని తేలిగ్గా తీసుకునేవారు కాదు. అప్పాజీకి యాభై దాటాయి. చెట్టెక్కే మోకు ఒరుసుకుని నడుం చుట్టూ చర్మం గేదె తోలులా నల్లగా కాయగట్టింది. ఒకసారి ఒకడు, "నీ కుండలో నీళ్ళు కలిశాయి" అన్నాడట. వాడి చెవి చివర ఇప్పుడు లేదు, అప్పాజీ కొరికేశాడు. కల్లులో మత్తుపొడి కలపమని ఇద్దరు బలిసిన మనుషులొస్తే, ఒకణ్ణి కాళ్ళు పట్టి కాలవలో తలకిందులుగా వేలాడదీశాడు, రెండోవాడు పొలాలకడ్డంపడి పరిగెత్తాడు. అతని భార్య అమ్మణ్ణి ఇది నాతో చెబుతూ, "నాలిక మీద చెయ్యేస్తే ఊరుకోడండి. నా మీద చెయ్యేసినా అంత రోషం రాదు" అంది.

అలాంటివాడి ముందుకి బంగార్రాజు కుండ తెచ్చాడు.

బంగార్రాజు అమ్మణ్ణికి పిన్ని కొడుకు. అప్పాజీని బావా అని పిలవాలి, కానీ రెండేళ్ళుగా మాటల్లేవు. గట్టు మీద ఒక తాటిచెట్టు మా వైపుదంటే మా వైపుదని రెండిళ్ళూ తగువు పడ్డాయి. కాలవకి అవతల బంగార్రాజు ఆ ఏడే కొత్తగా ఎనిమిది చెట్లు కౌలుకి పట్టాడు. తండ్రి లేడు. అన్న బుల్లియ్య చిన్నప్పుడే చెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుని కుంటుతూ తిరుగుతాడు. తల్లి మరిడమ్మ, అన్న, అన్న పిల్లలు, అందరికీ ఆ ఏడు తిండి ఆ ఎనిమిది చెట్లే. కుర్రాడి కల్లు బాగుందని అవతలి గట్టున పేరొచ్చింది. ఆ పేరు ఇవతలి గట్టున కూడా అనిపించుకోవాలని వచ్చాడు. రాకపోతే పోయేది. కానీ పాతికేళ్ళవాడికి ఆ బుద్ధి ఎక్కణ్ణించి వస్తుంది?

దొన్నెలు తిరిగాయి. గుమాస్తా, "తేనెటీగ కుట్టి సారీ చెప్పినట్టుంది" అన్నాడు. నవ్వులయ్యాయి. అప్పాజీ గుక్క పట్టాడు. కళ్ళు మూశాడు. తెరిచాడు. మళ్ళీ ఒక గుక్క. అతని మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, కింద దవడ మాత్రం బిగిసింది.

"ఏ ఊరిదో చెప్పు అప్పాజీ" అన్నారెవరో.

"ఊరు దేనికి? చెట్టే చెప్తాను" అన్నాడు అప్పాజీ. "కాలవ మలుపులో పిడుగు పడ్డ మోడు పక్కది. ముందు పొగ. మధ్యలో చెరుకు. మింగాక మావిడిటెంక వగరు. పన్నెండేళ్ళ బట్టి తాగుతన్నాను. అది నా చెట్టు."

ఎత్తిన దొన్నెలు కిందికి దిగాయి.

ఇది బయటివాళ్ళకి అర్థం కావాలంటే ఒక మాట చెప్పాలి. ఇంట్లో దొంగతనానికి కొట్టి వదిలేస్తారు. పొలంలో కోసుకుపోతే తగువు పెడతారు. ఇంకొకడు గీసుకున్న చెట్టు తెల్లారకుండా ఎక్కి కుండ దించుకున్నవాడికి మాత్రం ఆ చుట్టుపక్కల ఏ రైతూ మళ్ళీ చెట్టివ్వడు. ఆ పనిలో వాడు చచ్చినట్టే.

"నా చెట్టు కల్లే బావా" అన్నాడు బంగార్రాజు. "ఒట్టు. అవతలి గట్టు."

"బావన్నావంటే పళ్ళు రాలగొడతా."

"నీ చెట్టు నేనెందుకెక్కుతాను? రుచి తప్పు చెప్పేవు. చెంప చూపించు బావా."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. అప్పాజీ లేచిన తీరు నాకు కనపడలేదు, బంగార్రాజు పాక నిట్రాట గుంజకి గుద్దుకోవడమే కనపడింది. తర్వాత మోకాలు పొట్టలో. తర్వాత మూలనున్న కావిడిబద్ద చేతికొచ్చింది. కుర్రాడు తల కాపాడుకోవడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి కింద ఎముక విరిగిన చప్పుడు పచ్చి చెరుకు విరిచినట్టుంది. వాడు ఆశ్చర్యంగా చెయ్యి వంక చూసుకున్నాడు. అది మోచెయ్యి లేని చోట వంగింది.

అప్పుడు మిగతావాళ్ళు పడ్డారు. ఒక్కడు కొట్టేటప్పుడు చూస్తూ ఊరుకునేవాళ్ళు, వాడు దొంగ అన్న మాట వినగానే ఎక్కణ్ణించి తెచ్చుకుంటారో ఆ బలం, నేను చాలా ఊళ్ళల్లో చూశాను, ఎక్కడా అర్థం కాలేదు. నిమిషం కింద తేనెటీగ గురించి చెప్పిన గుమాస్తా కళ్ళజోడు జేబులో పెట్టుకుని మరీ వచ్చి తన్నాడు. అడ్డం వెళ్ళిన నన్నెవడో పక్కకి నెడితే దొన్నెల గుట్ట మీద పడ్డాను. నేలంతా కల్లు, నెత్తురు, నురగ.

"ఒరే సచ్చినోడా! ఆపరా!"

అమ్మణ్ణి. మొగుడికి అన్నం గిన్నె తెచ్చింది. ఆ గిన్నెతోనే దారిలో ఇద్దర్ని మోది లోపలికొచ్చింది. కింద పడున్న తమ్ముణ్ణి చూసింది. పక్కనున్న కుండని చూసింది. దాని అంచుకి చిన్న పెచ్చు ఊడి ఉంది.

"ఈడు నా చెట్టెక్కాడు" అన్నాడు అప్పాజీ రొప్పుతూ. "తాగి చూడు. నా చెట్టు కాదంటే నాలిక కోసుకుంటా."

"కోసుకో అయితే" అంది అమ్మణ్ణి. "ఈ కుండ నేనిచ్చాను. మా పిన్ని కుండలు పగిలిపోయాయని ఏడిస్తే అటక మీంచి తీసి ఇచ్చాను. పన్నెండేళ్ళు ఆ చెట్టుకి ఏలాడిన కుండరా ఇది! నువ్వు తాగింది చెట్టునా, కుండనా?"

కల్లుకుండని ఎవరూ తోమరు. ఒక్క నీళ్ళు తిప్పి పారబోసి మళ్ళీ కడతారు. పాత కల్లు మట్టిలో ఇంకి, కొత్త కల్లుని అదే పులియబెడుతుంది. ఏ చెట్టుకి కట్టినా కొన్నాళ్ళపాటు పాత చెట్టు రుచే పలుకుతుంది. అది పాకలో ప్రతివాడికీ తెలుసు. పొగ అంటే ఆవం పొగ, కుండ కాలినప్పటిది. ఇంకెవరన్నా అయితే ఆగి, కుండ చూసి, "ఇదెక్కడిదిరా?" అని అడిగేవారు. అప్పాజీ అడగలేదు. తన నాలుక మీద అంత నమ్మకం.

అమ్మణ్ణి ఆ కుండెత్తి అతని నెత్తిన పగలగొట్టింది. కల్లూ నెత్తురూ కలిసి కనుబొమల మీంచి కారుతుంటే అప్పాజీ కదలకుండా నిలబడ్డాడు. గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని వెనక తడిక సందులోంచి వెళ్ళిపోయాడు.

బంగార్రాజుని బండి మీద ఎముకల కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. ఎముక రెండు చోట్ల విరిగిందన్నాడు. కట్టు విప్పేసరికి వానలొస్తాయన్నాడు.

చెట్టు వానలదాకా ఆగదు. పొద్దునా సాయంత్రం ఎక్కి, గెల కొసని కత్తితో వెంట్రుకమందం చెక్కుతూ ఉండాలి. రెండు రోజులు చెక్కకపోతే ఆ కోత ఎండి మూసుకుపోతుంది. ఆ ఏటికి ఇంక చుక్క కారదు. బంగార్రాజు చెయ్యి పోతే పోయింది, ఎనిమిది చెట్లూ పోతే ఇల్లు పోతుంది. ఇంకొకర్ని పెట్టుకుందామంటే నిండు సీజనులో ఖాళీగా ఉన్నవాడెవడు?

మర్నాడు వేకువన అప్పాజీ నెత్తికి గుడ్డ కట్టుకుని, తన చెట్ల దగ్గరికి వెళ్ళకుండా, కాలవ ఈది అవతలి గట్టుకెళ్ళాడు. నిద్రపట్టక నేను అప్పటికే కాలవ వంతెన మీదున్నాను. అక్కణ్ణించి అంతా కనపడింది. అతను మొదటి చెట్టెక్కేసరికి బుల్లియ్య కుంటుకుంటూ వచ్చాడు. వెంట ఇద్దరు చుట్టాలు.

"దిగరా! మా చెట్టు దిగు!"

"గీత తీసి దిగుతాను" అన్నాడు పైనుంచి అప్పాజీ. "నిన్న సాయంత్రం తప్పింది. ఇయ్యాల తప్పితే ఎండిపోద్ది."

"మావోడి చెయ్యిరగ్గొట్టి మా కల్లు దించుకుపోతావంట్రా?"

"కల్లు మీ ఇంటికే. కుండ దించి మీ చేతికే ఇస్తాను."

మట్టిబెడ్డలు లేచాయి. ఒకటి వీపున తగిలింది, ఒకటి చెవి మీద. అతను ఒక చేత్తో గెల పట్టుకుని, రెండో చేత్తో చెక్కుతూనే ఉన్నాడు. అంత ఎత్తున పట్టు తప్పితే ఏమవుతుందో బుల్లియ్య కన్నా ఎవరికి బాగా తెలుసు? అయినా విసిరాడు.

దిగగానే ముగ్గురూ పడ్డారు. అప్పాజీ చేతులు కట్టుకుని తిన్నాడని నేను రాస్తే అబద్ధం. మొదటి గుద్దుకే బుల్లియ్య ముందుపళ్ళు రెండు ఊడాయి. కానీ ముగ్గురు, పైగా రాత్రంతా నెత్తురు కారిన మనిషి. కింద పడేశారు. బెల్లానికి కట్టే కుండలు పులవకుండా పూయడానికి తెచ్చిన గుల్లసున్నం అక్కడే తట్టలో ఉంది, అప్పుడే నీళ్ళు చల్లింది, ఇంకా పొగలు కక్కుతోంది. ఇద్దరు దవడలు విడదీసి పట్టుకున్నారు. బుల్లియ్య దోసిలితో ఎత్తి నోట్లో కుక్కాడు.

"రుచి చెప్పరా!" అన్నాడు, నెత్తురు ఉమ్ముతూ. "ఏ ఊరిదో చెప్పు!"

నేను వంతెన దిగి పరిగెత్తేసరికి అప్పాజీ పాక్కుంటూ వెళ్ళి కాలవలో తల ముంచాడు. అతని చుట్టూ నీళ్ళు పాలలా తెల్లగా విరిగాయి. తల పైకెత్తినప్పుడు వచ్చిన అరుపు మనిషిది కాదు. బుల్లియ్య తన చేతులు చూసుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. అతనూ అదే కాలవలో, నాలుగడుగుల అవతల, చేతులు ముంచి కూర్చున్నాడు.

కాకినాడ ఆస్పత్రికి తీసుకెళదామని నేను బస్సుదాకా రిక్షా తెప్పించాను. అమ్మణ్ణి పెరుగు పుక్కిలింపిస్తోంది. నాలుక పచ్చిమాంసంలా ఉంది, మధ్యలో తెల్లటి తోలు. అప్పాజీ రిక్షావాణ్ణి చేత్తో పొమ్మన్నాడు. మిగిలిన ఏడు చెట్లూ వేళ్ళతో చూపించాడు.

ఎండ వాలకముందే మళ్ళీ కాలవ దాటాడు. ఈసారి గట్టు మీద ఊరు ఊరంతా ఉంది. బుల్లియ్య అరచేతులకి ఆకు పసరు కట్టుకుని చెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. చుట్టాలు కర్రలెత్తారు. మరిడమ్మ గుంపులోంచి వచ్చి వాళ్ళ ముందు నిలబడింది. ఆవిడ ఏడవడం లేదు. చాలా చిరాగ్గా ఉంది.

"కొడితే రేపు మీరెక్కుతారా?" అంది చుట్టాలతో. ఒకడు కర్ర దించాడు. "మరి నోరు మూసుకోండి." అప్పాజీ వైపు తిరిగి, "నీ మొహం నాకు చూపించకు. ఎక్కు. కుండ పగిలిందో నేనే నరుకుతాను" అంది.

ఆ వేసవంతా అలా జరిగింది. రెండు గట్లూ, రెండు పూటలూ. మరిడమ్మ చెట్టు కింద నిలబడి, అతను ఎక్కినప్పణ్ణించీ దిగేదాకా, వంశంలో ఎవర్నీ వదలకుండా తిట్టేది. ఆవిడ తిట్లలో ఉన్న ధార, ఉపమానాల సొంపు నేను శతకాల్లో చూడలేదు. దిగాక కుండ లాక్కుని ఇంటికి పోయేది. పోలీసులొకసారొచ్చారు. చెయ్యి ఎలా విరిగిందని బంగార్రాజు నడిగితే జారిపడ్డానన్నాడు. అప్పాజీ నడిగితే నోరు తెరిచి చూపించాడు. హెడ్డు కానిస్టేబులు మొహం తిప్పుకున్నాడు.

పుండు మానింది. మాట ముద్దగానైనా వచ్చేది. రుచి మాత్రం రాలేదు. ఉప్పు, కారం, తీపి, ఏదీ. పాకకి మళ్ళీ వెళ్ళలేదు. నేనొకసారి బతిమాలి దొన్నె చేతికిస్తే తాగి, "చల్లగా ఉందండి" అన్నాడు. అంతకన్నా చెప్పడానికి అతని దగ్గరేం లేదు.

వానలు మొదలయ్యాయి. చెట్లు ఆగిపోయే ఆఖరి రోజుల్లో కట్టు విప్పించుకుని బంగార్రాజు గట్టుకొచ్చాడు. చెయ్యి వంకరగా అతుక్కుంది. అప్పాజీ కుండ దించాడు. కుర్రాడు దాన్ని అందుకుని, తల్లి వారిస్తున్నా అక్కడే ఇంత తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఎలాగుంది?" అన్నాడు అప్పాజీ. అన్ని నెలల్లో వాడితో అన్న మొదటి మాట.

బంగార్రాజు ఇంకో గుక్క పట్టి చూశాడు. "వగరెక్కువైంది" అన్నాడు చివరికి. "లోతుగా కోస్తన్నావు. చెట్టు నొప్పడతంది."

"నాకు గీత నేర్పుతావంట్రా, గుడ్డు పగలగొట్టుకుని నిన్నొచ్చిన నాయాలా!" చెయ్యెత్తాడు కూడా. ఎత్తిన చెయ్యి గాల్లో ఉండగానే, "ఇంకా?" అన్నాడు.

"వెనకాల బెల్లం ఉంది."

"ఎంత?"

"కొంచెం."

అప్పాజీ చెయ్యి దించి, ఆ మాటని పంటి కింద పెట్టినట్టు దవడ ఆడించాడు. తర్వాత కత్తి బొడ్లో దోపుకుని కాలవలో దిగాడు.

నేను ఆ ఊరు వదిలేశాను. మళ్ళీ మాఘమాసంలో అటు బస్సులో పోతూ ఉండబట్టక దిగాను. గట్టుకి వెళ్ళేసరికి బంగార్రాజు మొదటి చెట్టు సగంలో ఉన్నాడు. కుడిచెయ్యి చెట్టుని వాటేసుకోవడానికే పనికొస్తోంది. కత్తి ఎడమచేతిలో. కింద మరిడమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది, తిట్లు లేవు. బుల్లియ్య ఊడిన పళ్ళ సందులోంచి అదేపనిగా ఉమ్ముతున్నాడు. అప్పాజీ వాళ్ళ చెట్టు ఎక్కలేదు, ఇవతలి గట్టున తన చెట్టు మొవ్వులో కూర్చుని, కాలవ మీంచి కేకలేస్తున్నాడు.

"ఎడం మోకాలు బిగించరా! బిగించు! ఆ కోత చూడు, కోడిని కోసినట్టు!"

కత్తి జారింది. గెల మీద పడాల్సింది వేలి మీద పడింది. నెత్తురు చెట్టు బోదె మీద గీతలా దిగింది. కుర్రాడు వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్ళీ చెక్కాడు. ఈసారి సరిగ్గా తెగింది. కుండ కట్టి, గంట సేపు పట్టినట్టనిపించిన దిగుడు దిగి, నేల మీద కూలబడ్డాడు.

"సాయంత్రం ఎక్కుతావా, నన్ను రమ్మంటావా?" అని కాలవ మీంచి అప్పాజీ కేక.

"ఎక్కుతాను!" అని అరిచాడు బంగార్రాజు. "నీ చెట్టు నువ్వు చూసుకో బావా!"